గుప్పెడు పాతపొట్టు

హాయెల్ ఎవరినీ నమ్మేవాడు కాదు. దుకాణంలో రొట్టెలు కొంటే అడుగున నిన్నటిది దూర్చాడేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూసుకునేవాడు. మసీదు గుమ్మంలో చెప్పులు విడిస్తే నమాజు అయ్యేదాకా మనసంతా వాటి మీదే ఉండేది. అందరూ అతన్ని అబూ రాకాన్, అంటే రాకాన్ తండ్రి, అని పిలిచేవాళ్లు. రాకాన్ అనే కొడుకు అతనికి పుట్టనే లేదు. పుడితే పెట్టాలనుకున్న పేరది. ఆ పేరు మీద ఆశ పెట్టుకున్న భార్య కూడా పోయి చాలా కాలమైంది. ఇర్బిద్ ఊరి చివర రెండు గదుల ఇల్లు, దాని మేడ మీద గూళ్లు, గూళ్ల నిండా పావురాలు మిగిలాయి.

అనుమానపు పిశాచి అని అతన్ని తిట్టేవాళ్లు ఉన్నారు గానీ, ఆ రోగం పావురాలు ఎగరేసే ప్రతివాడికీ ఉంటుంది. సాయంత్రం మేడెక్కి, నల్లగుడ్డ కట్టిన కర్ర తిప్పుతూ గుంపును పైకి లేపినప్పుడు, ఎదురు మేడ మీద ఇంకొకడు తన గుంపును లేపుతాడు. రెండు గుంపులూ ఆకాశంలో కలిసి విడిపోయేటప్పుడు ఎవరిదో ఒక పక్షి దారి తప్పుతుంది. దాన్ని పట్టుకున్నవాడు "వల్లాహ్, నేను చూడనే లేదు" అని ఒట్టేస్తాడు. పక్షి అప్పటికే వాడి అంగీ లోపల ఉంటుంది. అందుకే పావురాలవాడి సాక్ష్యం కోర్టులో చెల్లదని ఆ ఊళ్లో అంటారు. పిల్లనిచ్చేముందు పెళ్లికొడుకు ఇంటి మేడెక్కి ఓసారి చూసి రమ్మని కూడా అంటారు.

పావురాలవాళ్ల మధ్య ఉండేవి రెండే బంధాలు. సంధి ఉంటే దొరికిన పక్షిని తిరిగిచ్చేస్తారు. యుద్ధం ఉంటే ఇవ్వరు, అడగడం కూడా సిగ్గే. హాయెల్‌కూ ఎదురు మేడ ఫవ్వాజ్‌కూ ఎప్పటినుంచో యుద్ధం. ఒక మచ్చల మగపక్షి దగ్గర మొదలైందది. ఆ పక్షి చచ్చి మట్టిలో కలిసిపోయినా యుద్ధం మాత్రం నిక్షేపంగా ఉంది. ఈల వేస్తే ఈల, తిట్టు విసిరితే తిట్టు. ఫవ్వాజ్ తిట్టు వినకుండా హాయెల్‌కు సాయంత్రపు టీ దిగేది కాదు.

వాళ్ల ఖర్మ కొద్దీ ఇద్దరిదీ ఒకే చోట ఉద్యోగం. ఊరి బయట విశ్వవిద్యాలయంలో ప్రయోగాలకు జంతువులను పెంచే భవనం ఉంది. ఫవ్వాజ్ దానికి కాపలాదారు. హాయెల్ లోపల కుందేళ్లకు మేత వేసి, గూళ్లు కడిగేవాడు. ఇద్దరూ ఒకే బస్సెక్కి, ఒకడు ముందు సీట్లో, ఒకడు చిట్టచివర కూర్చుని వెళ్లేవాళ్లు.

ఆ వసంతంలో ఎలుకల గది చూసే మనిషి ఉద్యోగం మానేస్తే హాయెల్‌ను అక్కడికి మార్చారు. డాక్టర్ సవ్‌సన్ అనే ఆవిడ ఆ గదిలో చాలాకాలంగా పరిశోధన చేస్తోంది. మాట తక్కువ, పని ఎక్కువ. ఒక పెద్ద గదిలో ఎలుకలను గుంపులుగా ఉంచుతారు. పక్క గదిలో చిన్నప్పటినుంచీ ఒక్కో బోనులో ఒక్కో ఎలుక. కొన్ని వారాలయ్యాక రెండు రకాలనూ పాలపొడి కలిపిన నీళ్ల తొట్టిలో వదులుతారు. నీళ్ల అడుగున ఎక్కడో ఒక చిన్న పీట ఉంటుంది, పైకి కనపడదు. ఈదుకుంటూ దాన్ని కనుక్కుని ఎక్కాలి, మర్నాడు వదిలినప్పుడు అదెక్కడుందో గుర్తుండాలి. గుంపులో పెరిగిన ఎలుక తిన్నగా వెళ్లి పీట ఎక్కేస్తుంది. ఒంటరిగా పెరిగినది గోడల వెంట తిరిగి తిరిగి అలిసిపోతుంది. ఎందుకలా అవుతుంది, మందు ఏమైనా పనిచేస్తుందా అన్నది ఆవిడ పరిశోధన.

"ఒక్కటే మాట, అబూ రాకాన్," అంది ఆవిడ మొదటిరోజే. "ఆ గదిలోది ఈ గదిలోకి రాకూడదు. ఒకదాన్నొకటి చూడకూడదు, తాకకూడదు. తోడు అన్నది వీటికి తెలియకూడదు."

"పాపం కాదా డాక్టరమ్మా?"

"పాపమే. మనుషుల్లో కూడా ఇలా ఉన్నవాళ్లున్నారు. వాళ్ల కోసమే ఈ పాపం."

హాయెల్ ఆ మాటను అక్షరాలా పాటించాడు. బోనుకూ బోనుకూ మధ్య అట్టలు నిలబెట్టాడు. వారం వారం బోనులు కడిగి, కొత్త చెక్కపొట్టు పరిచి, పెద్ద గదినుంచి తెచ్చిన గోనెలోంచి గుప్పెడు పాతపొట్టు మూలన చల్లి, ఎలుకను దించి, నీళ్లసీసా పెట్టి మూత వేసేవాడు. కుందేళ్లకూ అలాగే చేసేవాడు. ఎవరూ ఏమీ అనలేదు.

ఎండాకాలం వచ్చేసరికి డాక్టర్ సవ్‌సన్ ముఖం మాడిపోయింది. ఒంటరి ఎలుకలు మరచిపోవడం మానేశాయి. దాదాపు గుంపు ఎలుకలతో సమానంగా పీట ఎక్కేస్తున్నాయి. మొదట తొట్టిని అనుమానించింది, తర్వాత ఎలుకలను, ఆఖరికి మనుషులను. ఒకరోజు హాయెల్‌నూ ఫవ్వాజ్‌నూ కలిపి పిలిచింది.

"ఆ గదికి తాళంచెవులు రెండే ఉన్నాయి. ఒకటి అబూ రాకాన్ దగ్గర, సెలవురోజుల్లో మేత వేయడానికి ఇంకోటి ఫవ్వాజ్ దగ్గర. ఎవరో వీటికి తోడు కల్పిస్తున్నారు. మీ ఇద్దరిలో ఒకరు."

"అల్లా వాటికి తెలివిచ్చాడేమో," అన్నాడు హాయెల్.

"అల్లా తెలివి ఇవ్వాలనుకుంటే ముందు నీకివ్వడూ?" అన్నాడు ఫవ్వాజ్.

"ఇది ఆట కాదు. చేసినవాళ్లు ఉద్యోగం వదులుకోవాల్సి వస్తుంది," అంది డాక్టర్.

హాయెల్ మనసులో లెక్క వేసుకున్నాడు. ఈ వయసులో ఉద్యోగం పోతే ఎవరిస్తారు? తను ఏ తప్పూ చేయలేదని అతనికి తెలుసు. తను కాకపోతే ఇక మిగిలింది ఫవ్వాజే. లెక్క అంత తేలిగ్గా తేలిపోయేసరికి, లోపల కొంచెం సంతోషం కూడా వేసింది.

శుక్రవారం నమాజు కాగానే బస్సెక్కి భవనానికి వెళ్లాడు. సెలవు, ఎవరూ లేరు. చెప్పులు చేతబట్టుకుని ఎలుకల గది తలుపు దాకా నడిచి, అద్దంలోంచి తొంగి చూశాడు. లోపల ఫవ్వాజ్ ఉన్నాడు. బకెట్టు బోర్లించుకుని, కాళ్లు బారజాపి, పుదీనా వేసిన టీ తాగుతూ ఎలుకలతో కబుర్లు చెబుతున్నాడు.

"మీ పెద్దమనిషి సంగతి మీకేం తెలుసు? హాయెల్ గాడు! నా మచ్చల మగపక్షిని పట్టుకుని, చూడలేదని ఖురాన్ మీద ఒట్టేశాడు. మీ మేతలో కూడా కొంత మింగేస్తుంటాడు, చూసుకోండి మరి."

హాయెల్‌కు ఒళ్లు మండిపోయింది. తలుపు తన్ని లోపలికి పోదామనుకుని ఆగాడు. ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏం కావాలి? వచ్చినదారినే వెళ్లిపోయాడు.

శనివారం సెలవు కూడా అయ్యాక, ఆదివారం ఉదయం పని మొదలవగానే డాక్టర్ ముందు చెప్పాడు. ఫవ్వాజ్ కాదనలేదు.

"కూర్చున్నాను డాక్టర్. బయట ఎండ మండిపోతోంది, లోపల చల్లగా ఉంటుంది. పైనుంచి మేత వేశాను గానీ, మూత మీద చేయి కూడా వేయలేదు."

"వేశాడు," అన్నాడు హాయెల్. "మూత తీశాడు. ఒకదాన్ని తీసి ఇంకోదాంట్లో పెట్టాడు. వల్లాహ్, ఈ కళ్లతో చూశాను."

చూడలేదు. మాట నోట్లోంచి ఎలా దొర్లిపోయిందో, ఒట్టు కూడా దాని వెనకే దొర్లిపోయింది. మేడ మీద ఎన్నిసార్లు వేశాడో అలాంటి ఒట్లు.

ఫవ్వాజ్ ఎగిరిపడ్డాడు. "వీడి ఒట్టు నమ్ముతారా డాక్టర్? పావురాలోడి ఒట్టు!"

"నువ్వేం పెంచుతున్నావ్ మరి, ఒంటెల్నా?"

"చాలు!" అంది డాక్టర్ సవ్‌సన్. ఆవిడ ఇర్బిద్ పిల్లే, పావురాలవాళ్ల సంగతి ఎరగనిది కాదు. "మీ ఇద్దరి ఒట్లూ నాకొద్దు. కొత్త ఎలుకలు వచ్చాయి. ఫవ్వాజ్, వీటి పరీక్ష అయ్యేదాకా నువ్వు ఇంట్లో ఉండు. నువ్వు లేనప్పుడు ఇవి మరచిపోయాయంటే తప్పు నీది, ఇక తిరిగి రానక్కర్లేదు. అప్పుడు కూడా ఇలాగే గుర్తుపెట్టుకున్నాయంటే..." అని హాయెల్ వైపు చూసింది. "ఎలుకలే చెబుతాయి."

ఆనాటినుంచి హాయెల్ ఆ గదికి సైనికుడిలా కాపలా కాశాడు. రెండో తాళంచెవి కూడా తనే తీసుకుని నడుముకు కట్టుకున్నాడు. తలుపు కింది సందులో గుడ్డలు కుక్కాడు. కొత్త కాపలాదారును గది దరిదాపులకు రానివ్వలేదు. డాక్టరమ్మ దగ్గర చదువుకునే పిల్లలు వచ్చినా వాళ్ల జేబుల వంక అనుమానంగా చూసేవాడు. ఈసారి ఒక్కదానికీ తోడు దొరకకూడదు. ఎలుకలు మరచిపోవాలి, ఫవ్వాజ్ పోవాలి.

బస్సులో చివరి సీటు ఖాళీగా ఉండేది. అది పట్టించుకోకూడదనుకున్నాడు. సాయంత్రం మేడెక్కితే ఎదురు మేడ మీద కర్ర లేదు, ఈల లేదు. అవమానంతో ఫవ్వాజ్ మేడెక్కడమే మానేశాడని, పక్షులను గూళ్లలోనే ఉంచి మేత వేస్తున్నాడని రొట్టెల దుకాణంలో తెలిసింది. హాయెల్ తన గుంపును ఖాళీ ఆకాశంలోకి లేపి, ఒక్కడే ఈల వేసుకునేవాడు. బదులు రాని ఈల వేయడం కన్నా దండగ పని లేదని అప్పుడు తెలిసింది.

అతనికి మతిమరుపు కూడా మొదలైంది. పొయ్యి మీద టీ పెట్టి మేడెక్కితే, కెటిల్ మాడిన వాసన వచ్చేదాకా గుర్తుండేది కాదు. నడుముకు కట్టుకున్న తాళంచెవి కోసం ఇల్లంతా గాలించి, పక్కింటావిడ తీసిందని అనుమానించాడు. ఒకరోజు తన ముసలి మగపక్షిని ఎప్పుడో చచ్చిపోయిన పక్షి పేరుతో పిలిచాడు. మాట్లాడే మనిషి లేకపోతే మాటలు కూడా చోటు మారిపోతాయేమో అనిపించింది. వయసు మీద పడుతోందని సరిపెట్టుకున్నాడు.

అలాంటి ఒక సాయంత్రం గుంపు దిగుతుంటే అందులో ఒక పరాయి పక్షి కనపడింది. బూడిదరంగు ఒళ్లు, తెల్లని తోక. ఫవ్వాజ్ ప్రాణం పెట్టుకున్న ఆడపక్షి. గూటి తలుపు ఎవరు సరిగ్గా వేయలేదో, తప్పించుకుని వచ్చింది. హాయెల్ గింజలు చల్లి, వల విసిరి పట్టేశాడు. పట్టి ఎదురు మేడ వైపు చూశాడు. ఏళ్ల తరబడి ఈ క్షణం కోసమే కాచుకున్నాడు. ఫవ్వాజ్ పరుగెత్తుకొచ్చి పిట్టగోడను బాదుతూ తిట్టాలి, హాయెల్ తాతముత్తాతలను తిట్టాలి. అక్కడెవరూ లేరు. ఆరేసిన దుప్పటి ఒకటి ఊగుతోంది.

గెలిచిన సంతోషం రాలేదు. ఉసూరుమంటూ ఆడపక్షిని మూలనున్న ఒంటి పంజరంలో పెట్టాడు. అది వెనక్కి వెనక్కి పోయి, ఈకలు ఉబ్బించుకుని, గింజ వైపు కూడా చూడలేదు. హాయెల్ అలవాటుగా పెద్ద గూట్లోకి చేయి పెట్టి, గుంపు తొక్కిన పాతగడ్డి గుప్పెడు తీసి పంజరం మూలన చల్లాడు. పక్షి కాసేపు చూసి, మెల్లగా నడిచి వచ్చి దాని మీద కూర్చుంది. కాసేపటికి గింజ కూడా ఏరుకుంది.

ఇది హాయెల్‌కు వాళ్ల నాన్న నేర్పిన పని. పట్టిన పక్షిని ఒంటరిగా ఉంచితే దిగులుతో చస్తుంది, గుంపు వాసన చూపిస్తే తోడున్నట్టే అనుకుంటుంది అనేవాడు ఆయన. తోడున్నట్టే.

హాయెల్ చేయి పంజరంలోనే ఆగిపోయింది. వేళ్లకు అంటుకున్న గడ్డిని చూసుకున్నాడు. వారం వారం ఎలుకల బోనుల్లో అదే చేయి, అదే గుప్పెడు. పెద్ద గది గోనె, అందులో గుంపు ఎలుకలు తొక్కిన పొట్టు. ఆ గదిలోది ఈ గదిలోకి రాకూడదని ఆవిడ చెబితే, ఎలుకల సంగతి అనుకున్నాడు గానీ, ఊడ్చి పారేసే చెత్తను కూడా లెక్కలోకి తీసుకోవాలని అతనికి తట్టనే లేదు. అందరినీ అనుమానించాడు. తన చేతిని మాత్రం అనుమానించలేదు.

మర్నాడే బోనులు కడిగే రోజు. గోనె ఎప్పటిలాగే పక్కన ఉంది. ఒక్కో బోనులో కొత్త పొట్టు పరిచి, ఎలుకను దించి, గోనె ముట్టుకోకుండా మూత వేశాడు. ఎలుకలు ఆ మూలా ఈ మూలా వాసన చూసి, ముందుకాళ్లెత్తి మూతను గోకుతూ తిరగసాగాయి. హాయెల్ వాటినే చూస్తూ నిలబడ్డాడు.

ఇలాగే ఊరుకుంటే చాలు. పరీక్షకు ఇంకా వ్యవధి ఉంది. ఈలోగా ఇవి నిజంగానే ఒంటరివైపోతాయి, మరచిపోతాయి. ఫవ్వాజ్ లేనప్పుడు మరచిపోయాయి కాబట్టి తప్పు ఫవ్వాజ్‌దే అని తేలిపోతుంది. గుప్పెడు పొట్టు సంగతి ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఎలుకలే చెబుతాయంది డాక్టరమ్మ. ఇన్నాళ్లూ తను మాత్రమే దొంగసాక్ష్యం చెప్పాడు, ఇప్పుడు ఎలుకల చేత కూడా చెప్పించబోతున్నాడు. ఆ ఆలోచనకు హాయెల్‌కు నిజంగా భయమేసింది. భయం కన్నా ఎక్కువగా సిగ్గేసింది. గోనె తీసుకుని తిన్నగా డాక్టర్ సవ్‌సన్ గదికి వెళ్లాడు.

ఆవిడ అంతా విని కళ్లు చిన్నవి చేసుకుని చూసింది.

"ఫవ్వాజ్ మీ ఇంటికొచ్చి బతిమాలాడా?"

"లేదమ్మా."

"వాళ్లావిడ వచ్చి ఏడ్చిందా? లేక మీ ఇద్దరికీ సంధి కుదిరిందా?"

"సంధా? వాడితోనా?"

"మరి మూత తీయడం చూశానని ఒట్టేశారే?"

హాయెల్ నేల చూశాడు. "అబద్ధం. మూత తీయలేదు వాడు. కూర్చుని నన్ను తిడుతున్నాడు, అంతే."

"అప్పుడు ఒట్టేసి అబద్ధం చెప్పారు. ఇప్పుడు చెప్పేది నిజమని ఎలా నమ్మమంటారు?"

"నమ్మొద్దు. ఒట్టు కూడా వేయను. ఒక్కసారొచ్చి చూడండి."

ఎలుకల గదిలో ఒక బోను మూత తీసి, గోనెలోంచి గుప్పెడు పొట్టు మూలన చల్లాడు. అందులో ఎలుక గోకడం ఆపింది. ముక్కు చాచుకుంటూ వచ్చి, పొట్టులో మూతి దూర్చి, కాళ్లతో అటూ ఇటూ తవ్వి, గుండ్రంగా చుట్టుకుని దాని మీద పడుకుంది. పక్క బోనుల్లోవి ఇంకా మూతలు గోకుతూనే ఉన్నాయి. డాక్టర్ సవ్‌సన్ ఫవ్వాజ్ వాడిన బకెట్టు మీదే కూలబడింది.

"ఎప్పటినుంచీ?"

"ఈ గదికి వచ్చినప్పటినుంచీ."

"అంటే ఈ వసంతం నుంచీ చేసిందంతా బూడిదలో పోసినట్టే," అందావిడ. "కారణం ఇదేనో కాదో మళ్లీ మొదటినుంచీ చేస్తే గాని తేలదు. మీరు చెప్పకపోతే తప్పుడు లెక్కతో ఒక మనిషిని పంపించేసేదాన్ని. చెప్పినందుకు మెచ్చుకోవాలో, చేసినందుకు గెంటేయాలో నాకు తెలియడం లేదు." చేయి చాచింది. "తాళంచెవులు ఇటివ్వండి. కుందేళ్ల దగ్గరికి వెళ్లిపోండి. ఫవ్వాజ్‌ను రమ్మని మీరే వెళ్లి చెప్పండి. నేను ఫోన్ చేయను."

ఆ సాయంత్రం హాయెల్ తెల్లతోక ఆడపక్షిని గుడ్డసంచిలో పెట్టుకుని ఎదురింటి తలుపు తట్టాడు. యుద్ధంలో ఉన్నవాడు దొరికిన పక్షిని తెచ్చివ్వడం ఆ పేటలో ఎవరూ చూసి ఉండరు. తలుపు తీసిన ఫవ్వాజ్ ముందు సంచిని, తర్వాత హాయెల్‌ను, తర్వాత హాయెల్ వెనక వీధిని చూశాడు.

"ఏంటిది? ఎవర్ని తెచ్చావ్ వెనకాల?"

"ఎవర్నీ తేలేదు. నీ పక్షి."

ఫవ్వాజ్ దాన్ని లాక్కుని మేడెక్కాడు. హాయెల్ వెనకే ఎక్కాడు. ఫవ్వాజ్ పక్షి రెక్కలు విప్పి చూశాడు, ఈకల్లోకి ఊది చూశాడు, ముక్కు తెరిచి చూశాడు.

"రోగం అంటించావా?"

"లేదు."

"ఈకలు పీకావా?"

"లేదురా. నీ ఉద్యోగం నీకొచ్చింది. రేపు రమ్మంది డాక్టరమ్మ. మూత తీశావని నేను చెప్పింది అబద్ధం. ఎలుకలకు తోడు పెట్టింది నేనే, తెలీక పెట్టాను."

"ఆవిడ నోటితో వింటే నమ్ముతా," అన్నాడు ఫవ్వాజ్. "పరాయి గూట్లో పడుకొచ్చింది, దీన్ని కూడా ఇప్పుడే నమ్మను." పక్షిని గుంపులో కలపకుండా పక్కనున్న ఒంటి పంజరంలో పెట్టి గడియ వేశాడు. అది వెనక్కి పోయి ఈకలు ఉబ్బించుకుంది. ఫవ్వాజ్ దాని వైపు చూస్తూనే, అలవాటుగా పెద్ద గూట్లోకి చేయి పెట్టి, పాతగడ్డి గుప్పెడు తీసి, పంజరం కమ్మీల మధ్యనుంచి మూలన చల్లాడు.

ఆ చేతిని చూడగానే హాయెల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపుకోవాలనుకున్నాడు గానీ ఆగలేదు.

ఫవ్వాజ్ ఒకడుగు వెనక్కి వేసి, అతన్ని కింది నుంచి పైదాకా అనుమానంగా చూశాడు.

"ఇదేం కొత్త నాటకంరా?" అన్నాడు.